పిల్లల నెఫ్రోటిక్ సిండ్రోమ్: మందుకు లొంగుతుందో లేదో మూత్రం ముందే చెబుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే తెలుసుకోవాల్సిన అవసరం ఏముంది? మందు వేసి చూస్తే తెలిసిపోతుంది కదా?

తెలుస్తుంది. కానీ అలా తెలుసుకోవడానికి పిల్లవాడు నెల రోజులు మూల్యం చెల్లిస్తాడు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటే కిడ్నీ వడపోత దెబ్బతిని మూత్రంలోకి ప్రొటీన్ విపరీతంగా పోయి ఒళ్లు వాచే జబ్బు. అది మొదటిసారి వచ్చినప్పుడు దాదాపు అందరికీ ఇచ్చేది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడే. శరీర వైశాల్యం లెక్కన రోజుకు చదరపు మీటరుకు 60 మి.గ్రా., లేదా కిలో బరువుకు 2 మి.గ్రా. ఎంత బరువున్నా రోజుకు 60 మి.గ్రా. దాటకూడదు. ఇలా 4 లేదా 6 వారాలు ఇచ్చి, ఆ తర్వాత మరో 4 లేదా 6 వారాలు చదరపు మీటరుకు 40 మి.గ్రా. చొప్పున రోజు విడిచి రోజు ఇస్తారు.

ఈ మందుతో 85 నుంచి 90 శాతం మంది పిల్లలకు మూత్రంలో ప్రొటీన్ పోవడం ఆగిపోతుంది. మిగతావాళ్లకు ఆగదు. ఆ సంగతి నాలుగు వారాల తర్వాత గానీ అనుమానం స్థాయికి రాదు, ఆరో వారానికి గానీ ఖాయం కాదు. ఈలోగా ముఖం ఉబ్బడం, బీపీ పెరగడం, ఇన్ఫెక్షన్లు, ఇంట్లో అందరినీ అల్లాడించే ఆకలి, చిరాకు అన్నీ వచ్చిపడతాయి. ఫలితం మాత్రం ఉండదు. మొదటి రోజు మూత్రంలోనే ఆ జాడ దొరికితే ఈ పిల్లలకు జన్యుపరీక్ష, బయాప్సీ, వేరే మందు త్వరగా అందుతాయన్న ఆశతోనే ఈ వెతుకులాట అంతా.

బయోమార్కర్ అంటే మామూలు యూరిన్ టెస్ట్ కాదా?

బయోమార్కర్ అంటే జబ్బు సంగతి చెప్పే, కొలవగలిగే గుర్తు. డిప్‌స్టిక్ (మూత్రంలో ముంచి రంగు చూసే స్ట్రిప్) మీద కనిపించే ప్రొటీన్ కూడా బయోమార్కరే. ఈ పేజీలో ఆ మాటను ఎక్కువగా వాడుతున్నది ఆల్బుమిన్‌తో పాటు, లేదా దాని వెనక దాక్కుని మూత్రంలోకి వచ్చే ఇతర ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, కణాల శకలాల గురించి.

ఏయే పదార్థాలను పరిశీలిస్తున్నారు?

పేర్లు చాలా ఉన్నాయి. ఎక్కడి నుంచి వస్తాయన్నది పట్టుకుంటే గుర్తుపెట్టుకోవడం తేలిక.

కొన్ని రక్తం నుంచి కిడ్నీ వడపోత జల్లెడ దాటి వచ్చేవి. ఆల్బుమిన్ సుమారు 66 కిలోడాల్టన్లు, ట్రాన్స్‌ఫెరిన్ దాదాపు 80, ఇమ్యునోగ్లోబ్యులిన్-జి దాదాపు 150. జల్లెడ రంధ్రం ఎంత పెద్దదైందో వీటి నిష్పత్తి చెబుతుంది. ఆల్ఫా-1-బి గ్లైకోప్రొటీన్, హీమోపెక్సిన్, ఫెటుయిన్-ఎ, ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ వంటివి స్టెరాయిడ్‌కు లొంగని పిల్లల మూత్రంలో ఎక్కువగా కనిపించి ఆసక్తి రేపాయి.

మరికొన్ని ట్యూబ్యూల్, అంటే వడపోసిన ద్రవం నుంచి కావాల్సినవి వెనక్కి తీసుకునే కిడ్నీ గొట్టం, దెబ్బతింటే పెరిగేవి. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్, రెటినాల్ బైండింగ్ ప్రొటీన్ చిన్న ప్రొటీన్లు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలో కూడా వడపోతలో దిగుతాయి గానీ, ట్యూబ్యూల్ మెగాలిన్, క్యూబిలిన్ అనే గ్రాహకాలతో వాటిని పట్టి వెనక్కి లాక్కుంటుంది. విటమిన్-డి బైండింగ్ ప్రొటీన్ అంత చిన్నది కాదు, దాదాపు 58 కిలోడాల్టన్లు. అయినా వడపోతలో దిగిన కాస్తనూ ఇవే గ్రాహకాలు పట్టుకుంటాయి. ఎన్‌గాల్, కిమ్-1 దెబ్బతిన్న ట్యూబ్యూల్ కణాలే వదిలే గుర్తులు.

మూడో రకం పోడోసైట్ల (వడపోత జల్లెడను పట్టి ఉంచే కణాల) నుంచి వచ్చేవి: సీడీ80, నెఫ్రిన్, పోడోసిన్, వాటి ఆర్‌ఎన్‌ఏ, ఎక్సోజోముల్లో (కణాలు వదిలే అతి చిన్న సంచుల్లో) వచ్చే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. ఊహకు అందంగా ఉన్న రకం ఇదే, కొలవడానికి కష్టమైనదీ ఇదే.

వీటిలో అన్నిటికన్నా పాతది ఏది? ఇంకా పనికొస్తుందా?

సెలెక్టివిటీ ఇండెక్స్. 1960ల నుంచి ఉంది. మూత్రంలోని ఇమ్యునోగ్లోబ్యులిన్-జిని ప్లాస్మాలోని దానితో భాగించాలి. ట్రాన్స్‌ఫెరిన్‌కూ అదే చేయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఇండెక్స్. 0.1 కంటే తక్కువైతే పోతున్నది ప్రధానంగా ఆల్బుమిన్, ట్రాన్స్‌ఫెరిన్ లాంటి కాస్త చిన్న ప్రొటీన్లే, సాధారణంగా స్టెరాయిడ్‌కు లొంగే మినిమల్ చేంజ్ రకం వైపు మొగ్గు. 0.2 దాటితే పెద్దవి కూడా పోతున్నాయి, స్టెరాయిడ్‌కు లొంగకపోవచ్చు. మధ్యలో పడేవాళ్లు బోలెడు మంది, రెండు గుంపులూ కలిసిపోతాయి. అందుకే దీని ఒక్కదాని మీద ఎవరూ నిర్ణయం తీసుకోరు. మూత్రం, రక్తం ఒకే పూట తీయకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

పరిశోధనల్లో అంత బాగా కనిపించినవి వైద్యంలోకి ఎందుకు రాలేదు?

అసలు విషయం ఇక్కడుంది, కాస్త నిదానంగా చదవండి.

మొదటిది పోలికలో ఉన్న తిరకాసు. చాలా అధ్యయనాల్లో ఒక పక్క స్టెరాయిడ్‌కు లొంగి, ప్రస్తుతం మూత్రంలో ప్రొటీనే లేని పిల్లలు ఉంటారు. ఇంకో పక్క లొంగని పిల్లలు, వాళ్లకు ధారాళంగా ప్రొటీన్ పోతూ ఉంటుంది. అలాంటప్పుడు ఏ ప్రొటీన్ కొలిచినా రెండో గుంపులో ఎక్కువే వస్తుంది. పైగా ఆల్బుమిన్ వరదలా వచ్చినప్పుడు మెగాలిన్, క్యూబిలిన్ దానితోనే నిండిపోయి, విటమిన్-డి బైండింగ్ ప్రొటీన్, రెటినాల్ బైండింగ్ ప్రొటీన్ లాంటివి ట్యూబ్యూల్ బాగానే ఉన్నా మూత్రంలోకి జారిపోతాయి. అంటే ఆ మార్కర్ కొత్తగా చెప్పిందేమీ లేదు, ప్రొటీన్ ఎంత పోతోందో ఇంకో పేరుతో చెప్పింది. సరైన పోలిక కావాలంటే తిరగబెట్టిన దశలో ఉన్న స్టెరాయిడ్‌కు లొంగే పిల్లలను, అంతే ప్రొటీన్ పోతున్న లొంగని పిల్లలతో పోల్చాలి.

రెండోది మూత్రం ఎప్పుడు తీశారన్నది. స్టెరాయిడ్ నెలల తరబడి వాడి, లొంగలేదని తేలాక తీసిన మూత్రం జరిగిపోయినదాన్ని చూపిస్తుంది, జరగబోయేదాన్ని కాదు. మధ్యలో టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ అనే ఇమ్యూన్ వ్యవస్థను అణచే మందులు కూడా మొదలైతే ట్యూబ్యూల్ మార్కర్లు ఆ మందుల వల్లే పెరగొచ్చు. మొదటి మోతాదు స్టెరాయిడ్ మింగక ముందు తీసిన మూత్రంతో చేసిన అధ్యయనాన్నే జోస్యంగా పరిగణించాలి.

మూడోది లెక్క. ఉదాహరణకు 80 శాతం సెన్సిటివిటీ (లొంగనివాళ్లను పట్టుకునే శాతం), 80 శాతం స్పెసిఫిసిటీ (లొంగేవాళ్లను సరిగ్గా గుర్తించే శాతం) ఉన్న పరీక్ష ఒకటి ఉందనుకుందాం. కాగితం మీద చక్కటి పరీక్షే. మొదటిసారి జబ్బుపడ్డ 1000 మంది పిల్లల్లో 100 మంది స్టెరాయిడ్‌కు లొంగనివాళ్లు అనుకుంటే, పరీక్ష వాళ్లలో 80 మందిని పట్టుకుంటుంది. లొంగే 900 మందిలో 180 మందిని కూడా లొంగరని చెబుతుంది. మొత్తం పాజిటివ్ 260, అందులో నిజం 80. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి పది మందిలో ఏడుగురికి స్టెరాయిడ్ చక్కగా పనిచేసేదే. నెగెటివ్ వచ్చిన 740 మందిలో 720 మందికి మాట నిజమవుతుంది, సుమారు 97 శాతం. కానీ పరీక్షే చేయకుండా అందరికీ పనిచేస్తుందని చెప్పినా 90 శాతం నిజమే కదా.

ఇక కటాఫ్, అంటే పాజిటివ్, నెగెటివ్‌లను విడదీసే అంకె సంగతి. ఏ పిల్లల నుంచి కటాఫ్ తయారుచేశారో వాళ్ల మీదే పరీక్షించి చూపించే అంకెలు ఎప్పుడూ అందంగానే ఉంటాయి. వేరే ఆసుపత్రిలో, వేరే కంపెనీ కిట్‌తో అదే అంకె రాదు.

రిపోర్ట్ పాజిటివ్ వస్తే స్టెరాయిడ్ ఇవ్వకుండా నేరుగా వేరే మందుకు వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. పై లెక్కే కారణం.

మరి ఈ రోజుకు మందు పనిచేస్తోందా లేదా అన్నది బాగా చెప్పే పరీక్ష ఏది?

ఇంట్లో రోజూ ఉదయం చేసే డిప్‌స్టిక్, పక్కన తేదీ వేసి రాసిన పుస్తకం. చిన్నచూపు చూడొద్దు. వరుసగా మూడు రోజులు నెగెటివ్ లేదా ట్రేస్ (లేశం) వస్తే రెమిషన్, అంటే జబ్బు అణగినట్టు. వరుసగా మూడు రోజులు 3+ వస్తే తిరగబెట్టినట్టు. స్టెరాయిడ్‌కు లొంగే పిల్లల్లో చాలామందికి రెండు వారాల్లోపే శుభ్రపడుతుంది. ఎన్నో రోజున శుభ్రపడిందన్నదే ఒక మార్కర్: వారం పది రోజుల్లోపే తేరుకున్న పిల్లలకు తర్వాత తరచూ తిరగబెట్టే అవకాశం తక్కువని పలు పరిశీలనల్లో తేలింది. కాబట్టి మొదటి రెండు వారాల్లో ఒక్క రోజు కూడా వదలకుండా రాయండి.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే, స్ట్రిప్‌ను మూత్రంలో ముంచి తీసి, అంచును గిన్నె వంపుకు రాసి, డబ్బా మీద రాసినంత సమయం ఆగి చదవాలి. ప్రొటీన్ గడికి అది సాధారణంగా 60 సెకన్లు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రంగు ముదిరి 1+ కాస్తా 2+ అవుతుంది. డబ్బా మూత తీసి పెడితే తేమకు స్ట్రిప్‌లు పాడవుతాయి, ఫ్రిజ్‌లో పెట్టినా అంతే. గిన్నె కడిగిన క్రిమినాశకం మిగిలి ఉంటే తప్పుడు పాజిటివ్ వస్తుంది. క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచినా, మూత్రం బాగా క్షారంగా ఉన్నా ఇదే గొడవ. జ్వరం ఉన్న రోజుల్లో ప్రొటీన్ కాస్త కనిపించి పోవచ్చు, ఆ పక్కన జ్వరం అని రాయండి.

డిప్‌స్టిక్ 1+ చూపించింది, ల్యాబ్ రిపోర్టులో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి ఎక్కువ వచ్చింది. ఏది నమ్మాలి?

నిష్పత్తినే. డిప్‌స్టిక్ చూసేది గాఢతను మాత్రమే. ఉదయం చిక్కటి మూత్రంలో ప్రొటీన్ 300 మి.గ్రా./డె.లీ., అంటే 3+, క్రియాటినిన్ 200 అయితే నిష్పత్తి 1.5. మధ్యాహ్నం బాగా నీళ్లు తాగాక ప్రొటీన్ 30, అంటే 1+, క్రియాటినిన్ 15 అయితే నిష్పత్తి 2. డిప్‌స్టిక్ తగ్గిందని సంతోషపడే చోట నిజానికి తగ్గిందేమీ లేదు.

ఉదయం మొదటి మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి 2 లేదా అంతకు మించితే నెఫ్రోటిక్ స్థాయి. 0.2 లేదా అంతకు తక్కువైతే పూర్తి రెమిషన్. ఈ అంకెలు మి.గ్రా./మి.గ్రా.లో. రిపోర్టు మి.గ్రా./మిల్లీమోల్‌లో ఉంటే అవి 200, 20 అవుతాయి. యూనిట్ చూడకుండా 20 అని చదివి కంగారుపడే తల్లిదండ్రులు చాలామంది, ఒక్కోసారి డాక్టర్లు కూడా. రెండేళ్లలోపు పిల్లల్లో ఆరోగ్యంగా ఉన్నా 0.5 వరకు ఉండొచ్చు.

ఈ నిష్పత్తికీ ఒక లోపం ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. బక్కచిక్కిన పిల్లలకు, ఎక్కువకాలం స్టెరాయిడ్ వాడి కండ కరిగిన పిల్లలకు క్రియాటినిన్ తక్కువ, దాంతో నిష్పత్తి ఉబ్బినట్టు కనిపిస్తుంది. క్రియాటినిన్‌తో భాగించి చూపించే కొత్త మార్కర్లన్నిటికీ ఈ చిక్కు తప్పదు.

యూరిన్ మార్కర్ వల్ల ఇప్పటికే వైద్యం మారే సందర్భాలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. విచిత్రమేమంటే వాటికి కొత్త పరీక్షలేవీ అక్కర్లేదు.

మగపిల్లవాడికి నిష్పత్తి 2 దాటింది, స్టెరాయిడ్‌కు తగ్గలేదు. కానీ వాపు లేదు, రక్తంలో ఆల్బుమిన్ మామూలుగానే ఉంది. ఇలాంటప్పుడు మూత్రంలో ఆల్బుమిన్ విడిగా, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ లేదా రెటినాల్ బైండింగ్ ప్రొటీన్ విడిగా కొలవాలి. పోతున్నది ప్రధానంగా చిన్న ప్రొటీన్లయితే అది డెంట్ అనే జన్యుపరమైన ట్యూబ్యూల్ వ్యాధి కావచ్చు, స్టెరాయిడ్‌కు అక్కడ పనే లేదు. బయాప్సీలో ఎఫ్‌ఎస్‌జీఎస్ (వడపోత జల్లెడలు అక్కడక్కడ గట్టిపడే జబ్బు) లాంటి మచ్చలు కనిపించి దారి తప్పించడం మామూలే. మూత్రంలో కాల్షియం కూడా చూడండి, చాలామందిలో ఎక్కువ ఉంటుంది. ఆల్బుమినే పోతూ, ఏళ్ల తరబడి కిడ్నీ పనితీరు చెక్కుచెదరకపోతే సీయూబీఎన్ (క్యూబిలిన్‌ను తయారుచేసే) జన్యువు సంగతి చూడాలి. దానికీ స్టెరాయిడ్ అక్కర్లేదు.

రెండో సందర్భం ఒళ్లంతా ఉబ్బిన పిల్లవాడికి వాపు తగ్గించే మందు. ఫ్యూరోసెమైడ్ ఒక్కటే ఇస్తే సరిపోతుందా, రక్తనాళాల్లో ద్రవం తక్కువై ఆల్బుమిన్ కూడా అవసరమా? డైయూరెటిక్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) ఇవ్వక ముందే మూత్రంలో సోడియం, పొటాషియం పంపండి. పొటాషియాన్ని, సోడియం పొటాషియంల మొత్తంతో భాగించండి. సోడియం 10, పొటాషియం 40 ఉంటే 40ని 50తో భాగిస్తే 0.8. ఇది 0.6 దాటి, సోడియం ఫ్రాక్షనల్ ఎక్స్‌క్రీషన్ (వడపోతలో దిగిన సోడియంలో మూత్రంలోకి పోయే భాగం) 0.2 శాతం కంటే తక్కువ ఉంటే రక్తనాళాలు ఖాళీగా ఉన్నాయని అనుమానించాలి. డైయూరెటిక్ ఒక్కటే ఇస్తే షాక్, రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులు పెరుగుతాయి. చేతులు చల్లబడటం, నాడి వేగం, కడుపు నొప్పి ఉన్నాయేమో కూడా చూసుకునే నిర్ణయించాలి. ఒక డోసు ఫ్యూరోసెమైడ్ ఇచ్చాక తీసిన మూత్రం ఈ లెక్కకు పనికిరాదు.

ఎన్‌గాల్ ఎక్కువ వచ్చింది. కిడ్నీ పాడైపోతోందా?

ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడండి. ఎన్‌గాల్‌ను న్యూట్రోఫిల్స్ కూడా వదులుతాయి, చీము కణాలుంటే అంకె ఎగిరిపోతుంది.

బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ ఒకసారి ఎక్కువ, ఒకసారి మామూలు. ల్యాబ్ తప్పా?

తప్పు తరచుగా మూత్రానిదే. ఆమ్ల మూత్రంలో, పీహెచ్ 6 కంటే తగ్గితే, ఈ ప్రొటీన్ ముక్కలైపోతుంది. అదీ సీసాలో కాదు, మూత్రాశయంలోనే మొదలవుతుంది. తీసిన వెంటనే క్షారం కలిపితే ఆ తర్వాతి నష్టం ఆగుతుంది గానీ అప్పటికే పోయింది తిరిగిరాదు. ఉదయం మొదటి మూత్రం సాధారణంగా ఆమ్లంగా ఉంటుంది కాబట్టి ఈ ఒక్క పరీక్షకు అది మంచి ఎంపిక కాదు. రెటినాల్ బైండింగ్ ప్రొటీన్, ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్ ఇంత నాజూకు కావు, వీలుంటే వాటినే అడగండి.

స్టెరాయిడ్‌కు లొంగలేదు. టాక్రోలిమస్ పనిచేస్తుందో లేదో మూత్రం చెబుతుందా?

అక్కడ మూత్రం కన్నా జన్యుపరీక్ష మాట ఎక్కువ చెల్లుతుంది. స్టెరాయిడ్‌కు లొంగని పిల్లల్లో దాదాపు 30 శాతం మందిలో ఒకే జన్యువు లోపం దొరుకుతుంది. ఎన్‌పీహెచ్‌ఎస్1, ఎన్‌పీహెచ్‌ఎస్2, డబ్ల్యూటీ1 వాటిలో ముఖ్యమైనవి. ఏడాదిలోపు పిల్లల్లో ఈ శాతం ఇంకా ఎక్కువ. వీళ్లలో టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ పనిచేసే అవకాశం బాగా తక్కువ. జన్యులోపం లేనివాళ్లకు మందు మొదలుపెట్టి, రక్తంలో దాని స్థాయి సరిగ్గా ఉంచి, ఆరు నెలలు చూసి నిర్ణయిస్తారు. నిష్పత్తి 0.2కు, 2కు మధ్యకు వచ్చి, రక్తంలో ఆల్బుమిన్ 3 గ్రా./డె.లీ. చేరితే పాక్షిక రెమిషన్. అది కూడా గెలుపే, మందు ఆపేయకూడదు.

యాంటీ-నెఫ్రిన్ యాంటీబాడీల పరీక్ష ఈ కోవలోదేనా?

అది పోడోసైట్లలోని నెఫ్రిన్ మీద శరీరమే తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతికే రక్తపరీక్ష, కానీ ప్రశ్న ఇదే కాబట్టి చెప్పుకోవాలి. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 52 శాతం మందికి ఈ యాంటీబాడీలు కనిపించాయి. జబ్బు చురుగ్గా ఉండి ఇంకా ఇమ్యూన్ మందులేవీ పడనివాళ్లలో అది 90 శాతం. జబ్బు ఇమ్యూన్ వ్యవస్థదా, జన్యువుదా అని విడదీసే దారిలో మూత్ర మార్కర్లకంటే ఇదే ముందుందనిపిస్తుంది.

లూపస్ లాంటి ఇతర కిడ్నీ జబ్బుల్లో?

పిల్లల లూపస్ నెఫ్రైటిస్‌లో (శరీర ఇమ్యూన్ వ్యవస్థే కిడ్నీపై దాడి చేసే జబ్బులో) ఎన్‌గాల్, ఎంసీపీ-1, సెరులోప్లాస్మిన్, అడిపోనెక్టిన్, హీమోపెక్సిన్, కిమ్-1 ఆరింటినీ కలిపిన రెయిల్ అనే స్కోరు ఉంది. బయాప్సీలో కనిపించే చురుకుదనాన్ని అంచనా వేయడానికి దాన్ని తయారుచేశారు. బయాప్సీకి ప్రత్యామ్నాయం మాత్రం కాలేదు.

అధ్యయనం కోసం మూత్రం నిల్వ చేయాలి. ఎలా?

రాత్రి పడుకోబోయే ముందు పిల్లవాడి చేత మూత్రం పోయించాలి. లేకపోతే నిలబడి తిరిగినప్పుడు దిగిన ప్రొటీన్ ఉదయం మూత్రంలో కలిసిపోతుంది. ఉదయం లేచీ లేవగానే, నీళ్లతో మాత్రమే కడిగి, మధ్య ధార పట్టాలి. 20 నుంచి 30 మి.లీ. చాలు. అప్పుడే డిప్‌స్టిక్ ముంచి పీహెచ్, ల్యూకోసైట్, నైట్రైట్ రాసిపెట్టండి, తర్వాత వింత అంకెలు వచ్చినప్పుడు ఇవే కాపాడతాయి. ఎన్నో స్టెరాయిడ్ మోతాదు తర్వాత తీశారన్నది లేబుల్ మీద తప్పనిసరి.

వెంటనే 4 డిగ్రీల చల్లదనంలో పెట్టి, రెండు నుంచి నాలుగు గంటల్లోపు 1000 జీ (గురుత్వానికి వెయ్యి రెట్లు) దగ్గర 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయాలి. జీకి, ఆర్పీఎంకి తేడా మరవొద్దు. 10 సెం.మీ. వ్యాసార్ధం రోటార్ మీద 3000 ఆర్పీఎం అంటే సుమారు 1000 జీ, 17 సెం.మీ. రోటార్ మీద అదే వేగం 1700 జీ. అడుగున ఉన్న మడ్డి కదలకుండా పైది తీసి, అర మి.లీ. చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. మైనస్ 20లో నెలల తరబడి ఉంచితే అవక్షేపం ఏర్పడి ఆల్బుమిన్ తగ్గిపోతుంది. ఒక ట్యూబ్‌ను ఒక్కసారే కరిగించాలి. కరిగాక గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగి, బాగా కలిపి వాడండి.

కొలిచేటప్పుడు ఇంకో గండం ఉంది. నెఫ్రోటిక్ మూత్రంలో ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉంటే కొన్ని ఇమ్యునోఅస్సేలు (యాంటీబాడీలతో కొలిచే పరీక్షలు) తడబడి తక్కువ అంకె చూపిస్తాయి. పలచబరచి మళ్లీ కొలవండి. పదింతలు పలచన చేశాక లెక్కగట్టిన అంకె పెరిగితే మొదటిది తప్పు.

డబ్బు కట్టి ఈ మార్కర్ల ప్యానెల్ చేయించుకోమంటే ఏం అడగాలి?

ఈ అంకె వస్తే మా బాబుకు ఇచ్చే మందులో ఏం మారుతుంది అని అడగండి. ఏదీ మారదంటే చేయించనక్కర్లేదు. అధ్యయనంలో చేరమని అడిగితే అది వేరే సంగతి: మూత్రం ఇవ్వడంలో పిల్లవాడికి నొప్పి లేదు, మొదటి స్టెరాయిడ్ మోతాదుకు ముందు తీసిన మూత్రం దొరకడమే ఈ రంగంలో కరువు. ఆ పూటే ఇవ్వగలిగితే ఇవ్వండి. మందు మాత్రం దానికోసం ఆలస్యం చేయొద్దు.

డైపర్ వేసుకునే పాపకు మూత్రం ఎలా పట్టాలి?

అంటించే సంచీ వాడితే చర్మం కడిగి పూర్తిగా ఆరాక అంటించి, మూత్రం పడగానే తీసేయాలి. చర్మం మీది కణాలు, మలం కలిస్తే ల్యూకోసైట్, ఎన్‌గాల్ అంకెలు చెడతాయి. డైపర్‌లో దూది పెట్టి పిండటం ఇంట్లో డిప్‌స్టిక్ కోసం ఫరవాలేదు. మార్కర్ల పరీక్షకు మాత్రం వద్దు, కొన్ని ప్రొటీన్లు దూదికే అతుక్కుపోతాయి.